డ్యూటీ చార్టూ మనసూ: కొవిడ్ కాలంలో జూడాలకు ఏం జరిగింది?

మన పత్రికల్లో 'జూడాలు', అంటే జూనియర్ డాక్టర్లు, అనే మాట ఎక్కువగా సమ్మె వార్తల్లోనే కనిపిస్తుంది. ఓపీ బంద్, రోగుల ఇక్కట్లు, మంత్రితో చర్చలు, తిరిగి విధుల్లోకి. ఆ తర్వాత మళ్లీ సమ్మె వచ్చేదాకా వాళ్ల ఊసుండదు. 2024లో మాత్రం వాళ్ల మనసు గురించి దేశం కాస్త మాట్లాడుకుంది. జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ ఆ ఏడాది ఇచ్చిన నివేదిక ప్రకారం, సర్వేలో పాల్గొన్న పీజీ విద్యార్థుల్లో 31.2 శాతం మంది తమకు ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పారు. అదే ఏడాది ఆగస్టులో, కోల్‌కతా ఆర్జీ కర్ ఆస్పత్రిలో ట్రైనీ డాక్టరుపై జరిగిన అత్యాచారం, హత్య కేసు విచారణలో, రెసిడెంట్ డాక్టర్ల చేత 36 గంటల డ్యూటీలు చేయించడం అమానుషమని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది.

ఈ అంకెలు చూసి మూడు రకాల మాటలు వినిపించాయి. 'ఇదంతా కొవిడ్ మిగిల్చిందే' అన్నారు కొందరు. 'కాదు, ముందు నుంచీ ఉన్నదే, కొవిడ్‌లో బయటపడింది' అన్నారు ఇంకొందరు. 'మా రోజుల్లో మేమూ చేశాం, ఈ తరానికి ఓర్పు లేదు' అన్నది పెద్ద డాక్టర్ల నోట తరచూ వచ్చే మాట. మూడింట్లోనూ ఎంతో కొంత నిజం ఉన్నట్టే అనిపిస్తుంది. ఎంత ఉందో తేలాలంటే మొదటి నుంచి రావాలి.

జూడా: విద్యార్థా, ఉద్యోగా?

ఎంబీబీఎస్‌లో నాలుగున్నరేళ్ల చదువయ్యాక ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది. ఆ ఏడాది చేసేవాళ్లను మన దగ్గర హౌస్ సర్జన్లంటారు. తర్వాత నీట్ పీజీ రాసి ఎండీ, ఎంఎస్‌లో చేరితే మూడేళ్లు. అది ముగించి సీనియర్ రెసిడెంట్‌గా చేసేవాళ్లు మరికొందరు. వీళ్లందరినీ కలిపి జూనియర్ డాక్టర్లని, పొట్టిగా జూడాలని అంటాం.

పెద్ద ప్రభుత్వాసుపత్రికి రాత్రి రెండింటికి వెళ్తే కాజువాలిటీలో చూసేది వీళ్లే. సెలైన్ పెట్టేదీ, రక్తం తీసేదీ, బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తేదీ, బంధువులకు చెప్పరాని మాట చెప్పేదీ వీళ్లే. కానీ హౌస్ సర్జన్లకూ పీజీలకూ అందేది జీతం కాదు, స్టైపెండ్. కాగితం మీద వాళ్లు విద్యార్థులు. అందుకని ఉద్యోగికుండే పని గంటల లెక్క వాళ్లకు ఖచ్చితంగా వర్తించదు. విద్యార్థికుండే తీరికా ఉండదు. పోనీ మానేద్దామంటే చాలా రాష్ట్రాల్లో సీటు వదిలినందుకు లక్షల్లో బాండు సొమ్ము కట్టాలి. ఆ బాండు విధానం తీసేయమని వైద్య కమిషన్ రాష్ట్రాలకు 2024 జనవరిలో గాని సూచించలేదు. విద్యార్థీ కాక, ఉద్యోగీ కాక ఉన్న ఈ స్థితిని గుర్తుపెట్టుకుంటే తర్వాతి సంగతులు సులువుగా అర్థమవుతాయి.

టెన్షన్, బర్నౌట్, డిప్రెషన్ ఒకటి కావు

మాటల్లో వీటిని కలగలిపేస్తాం. టెన్షన్ అంటే మీద పడిన భారానికి మనసూ ఒళ్లూ స్పందించడం. పరీక్ష ముందు ఉంటుంది, అయ్యాక పోతుంది. అది జబ్బు కాదు.

బర్నౌట్ పనిలో పుట్టే అలసట. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ పదకొండో కూర్పులో దీన్ని వివరించింది కానీ, జబ్బు అనలేదు, పనికి సంబంధించిన స్థితి అంది. దానికి మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో సత్తువంతా పిండేసినట్టుండటం, పని మీద విముఖత లేదా వెటకారం రావడం, నేను చేసేదేమీ పనికిరావడం లేదనిపించడం. పేషెంటు పేరు మరిచిపోయి 'ఆ పన్నెండో బెడ్డు' అనడం మామూలే, అందరు డాక్టర్లూ అంటారు. పన్నెండో బెడ్డు చనిపోతే 'ఒక కేస్ షీట్ తగ్గింది' అనిపించి, ఆ తర్వాత తన మీద తనకే అసహ్యం వేస్తే అది రెండో గుర్తు.

డిప్రెషన్ వైద్యం అవసరమైన జబ్బు. కనీసం రెండు వారాల పాటు దాదాపు రోజంతా దిగులు లేదా దేని మీదా ఆసక్తి లేకపోవడం, దానితోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతినడం. బర్నౌట్ సెలవిస్తే కొంత తగ్గొచ్చు. డిప్రెషన్ ఉన్నవాళ్లకు సెలవిచ్చి ఇంటికి పంపితే దిగులు కూడా వాళ్ల వెంటే ఇంటికి వెళ్తుంది. తేడా ఇక్కడుంది.

నాలుగోది మనకు కొత్త. ఇంగ్లిష్‌లో 'మోరల్ ఇంజురీ' అంటారు, అంతరాత్మకు తగిలిన దెబ్బ అనుకుందాం. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల విషయంలో పుట్టిన మాట ఇది. ఏది సరైనదో తెలిసీ చేయలేకపోయినప్పుడు, తప్పు తనది కాకపోయినా తన చేతుల్లోనే జరిగినప్పుడు తగిలే గాయం. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది కొవిడ్ రోగులు చనిపోయారు. అలాంటి రాత్రి వార్డులో ఉన్న డాక్టరుకు మర్నాడు కలిగేదాన్ని టెన్షన్ అనలేం, బర్నౌట్ అనీ అనలేం.

సర్వే అంకెను చదివే పద్ధతి

'జూనియర్ డాక్టర్లలో ఇంత శాతం మందికి డిప్రెషన్' అన్న హెడ్డింగుల వెనక సాధారణంగా ఒక ప్రశ్నావళి ఉంటుంది. ఎక్కువగా వాడేది పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. గత రెండు వారాల గురించి అడుగుతుంది. పది గానీ అంతకు మించి గానీ వస్తే 'చూడాల్సిన కేసు' అంటారు. చూడాల్సిన కేసు మాత్రమే, జబ్బు నిర్ధారణ కాదు.

తేడా ఎంతో లెక్క వేద్దాం. ఈ ప్రశ్నావళి కచ్చితత్వాన్ని మొదట పరీక్షించినప్పుడు, పది మార్కుల గీత దగ్గర, జబ్బు ఉన్నవాళ్లలో 88 శాతాన్ని పట్టుకుంది, లేనివాళ్లలో 88 శాతాన్ని లేదని సరిగ్గా చెప్పింది. వందమంది పీజీలున్నారనుకోండి. వాళ్లలో నిజంగా డిప్రెషన్ ఉన్నది పదిమందికి. ఆ పదిలో తొమ్మిది మంది దొరుకుతారు. మిగతా 90 మందిలో 12 శాతం, అంటే పదకొండు మంది, జబ్బు లేకుండానే గీత దాటేస్తారు. మొత్తం ఇరవై. పేపర్లో 'ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్' అని వస్తుంది. అసలున్నది పదిమందిలో ఒకరికి.

అలాగని ఆ పదకొండు మందిదీ ఉత్తుత్తి బాధ కాదు. 'రెండు వారాలుగా నిద్ర సరిగ్గా పట్టడం లేదా, అలసటగా ఉందా' అని రెండు వారాలుగా నైట్ డ్యూటీలు చేస్తున్న మనిషిని అడిగితే మార్కులు పడక ఏమవుతుంది? ఆ మార్కులు అతని మనసు గురించి ఎంత చెబుతాయో, అతని డ్యూటీ చార్టు గురించీ అంతే చెబుతాయి.

ఇంకో చిక్కు, దేనితో పోల్చాలన్నది. కొవిడ్‌కు ఐదేళ్ల ముందే, 2015లో, వివిధ దేశాల్లో 17,560 మంది ట్రైనీ డాక్టర్లపై జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. డిప్రెషన్ గానీ దాని లక్షణాలు గానీ ఉన్నవాళ్లు సగటున 28.8 శాతం. వాడిన ప్రశ్నావళిని బట్టి అది 20.9 నుంచి 43.2 దాకా మారింది. కాబట్టి కొవిడ్ ఏడాదిలో ఒక కాలేజీలో 30 శాతం వచ్చిందంటే, ఆ 30 కొవిడ్ తెచ్చినదని చెప్పేయలేం. 'ముందు నుంచీ ఉన్నదే' అన్న వాదనకు బలం ఇక్కడుంది.

మరి కొవిడ్ కొత్తగా తెచ్చిందేమిటి?

చాలానే తెచ్చింది. మొదటిది భయం, అదీ తన గురించి కన్నా ఇంట్లోవాళ్ల గురించి. వారానికోసారి ఊరికెళ్లి అమ్మ చేతి అన్నం తినొచ్చే పిల్లలు నెలల తరబడి హాస్టల్ గదిలోనే ఉండిపోయారు. 2020 మార్చి 22 సాయంత్రం ఐదింటికి దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ వారంలోనే, అద్దె ఇళ్లు ఖాళీ చేయమంటున్నారని ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్లు కేంద్ర హోం మంత్రికి లేఖ రాయాల్సి వచ్చింది.

రెండోది పీపీఈ కిట్. కిట్ వేసుకుంటే షిఫ్టు అయ్యేదాకా మంచినీళ్లు లేవు, బాత్రూం లేదు. నెలసరి రోజుల్లో ఆడపిల్లల అవస్థ ఎవరూ చార్టులో రాయలేదు. కళ్లద్దాలు మసకబారి నరం దొరికేది కాదు. ఎవరెవరో తెలియడానికి వీపు మీద మార్కర్‌తో పేరు రాసుకునేవారు. పేషెంటుకు డాక్టరు మొహం కనపడదు, డాక్టరుకు పక్కనున్న స్నేహితురాలి మొహం కనపడదు. కంటితో, చిరునవ్వుతో జరిగే సగం పని ఆగిపోయింది.

మూడోది చావు కబురు. మామూలు రోజుల్లో ఈ పనిని జూనియర్ పెద్ద డాక్టరు పక్కన నిలబడి చూసి నేర్చుకుంటాడు. కొవిడ్ వార్డులోకి బంధువులకు ప్రవేశం లేదు. కబురు ఫోన్లో చెప్పాలి. పాతికేళ్ల పీజీ ఒకే రాత్రి మూడు నాలుగు ఇళ్లకు ఫోన్ చేసి, అవతల ఏడుపు వింటూ నిలబడి, ఫోన్ పెట్టేసి ఇంకో బెడ్ దగ్గరికి వెళ్లాలి.

లోపల ఏం జరిగిందో బంధువులు చూడలేదు కాబట్టి అనుమానం పెరిగింది. కొవిడ్ ఆస్పత్రిగా మార్చిన సికింద్రాబాద్ గాంధీలో 2020 జూన్ 9న ఒక రోగి చనిపోయాక బంధువులు జూనియర్ డాక్టర్లపై దాడి చేశారు. జూడాలు విధులు ఆపి రోడ్డు మీదకొచ్చారు. వాళ్ల డిమాండ్లలో భద్రత ఒక్కటే లేదు. కొవిడ్ వైద్యాన్ని ఒక్క ఆస్పత్రి మీదే పెట్టకుండా మిగతా ఆస్పత్రులకూ పంచమన్నారు, సిబ్బందిని పెంచమన్నారు. దాడులకు ఐదేళ్ల దాకా, తీవ్ర గాయమైతే ఏడేళ్ల దాకా శిక్ష పడేలా కేంద్రం అప్పటికే ఏప్రిల్ 22న ఆర్డినెన్స్ తెచ్చింది. శిక్ష దాడి అయ్యాక పడుతుంది. వాళ్లడిగింది దాడి జరిగే పరిస్థితే రాకుండా చూడమని.

నాలుగోదాన్ని బయటివాళ్లు గమనించలేదు: చదువు పోయింది. ఎంఎస్ సర్జరీలో చేరినవాడు ఆపరేషన్లు చేస్తేనే నేర్చుకుంటాడు. ఆస్పత్రంతా కొవిడ్‌కే కేటాయిస్తే ఆపరేషన్ థియేటర్ మూతే. మూడేళ్లలో ఏడాది పైగా అలా పోతే, 'రేపు బయటికెళ్లి పేషెంటు కడుపు కోయగలనా' అన్న బెంగ పట్టుకుంటుంది. నా మటుకు నాకు వైరస్ భయం కన్నా ఈ బెంగే లోతైనదనిపిస్తుంది. వైరస్ భయం టీకాతో కొంత తగ్గింది. ఇది తగ్గలేదు.

రాని బ్యాచ్ లెక్క

2021లో జరిగిన ఒక సంగతి ఈ మొత్తం వ్యవహారానికి తాళంచెవి లాంటిది. ఏప్రిల్ 18న జరగాల్సిన నీట్ పీజీ మూడు రోజుల ముందు వాయిదా పడింది. మే 3న కేంద్రం కనీసం నాలుగు నెలలు ఉండదంది. ఇంటర్న్‌లను సీనియర్ల పర్యవేక్షణలో కొవిడ్ డ్యూటీకి వాడుకోవచ్చనీ, వంద రోజులు చేసినవాళ్లకు ప్రభుత్వ నియామకాల్లో ప్రాధాన్యం ఇస్తామనీ చెప్పింది. పరీక్ష సెప్టెంబరు 11న జరిగింది. తర్వాత రిజర్వేషన్ల కేసు సుప్రీంకోర్టులో నడిచింది. ఢిల్లీలో రెసిడెంట్లు రోడ్డెక్కారు. 2022 జనవరి 7న కోర్టు అనుమతిస్తే 12న కౌన్సెలింగ్ మొదలైంది.

దీనర్థం, వేసవిలో రావాల్సిన ఫస్ట్ ఇయర్లు ఆ ఏడాదంతా రాలేదు. పాత థర్డ్ ఇయర్లు పరీక్షలు రాసి వెళ్లిపోయారు. మూడు బ్యాచ్‌లు చేసే పని రెండు బ్యాచ్‌ల మీద పడింది.

ఒక ఊహాజనిత డిపార్ట్‌మెంట్ తీసుకుందాం. ఏడాదికి పదిమంది చొప్పున ముప్ఫై మంది పీజీలు. రాత్రికి ఐదుగురు ఉండాలి. ముప్ఫైని ఐదుతో భాగిస్తే ఆరు, అంటే ఆరు రోజులకొక నైట్, నెలకు ఐదు. ఫస్ట్ ఇయర్లు రాకపోతే ఇరవై మందే. నాలుగు రోజులకొకటి, నెలకు ఏడెనిమిది. అందులో నలుగురికి పాజిటివ్ వచ్చి ఐసొలేషన్‌కు వెళ్తే పదహారు మంది. మూడు రోజులకొకటి, నెలకు తొమ్మిది పైనే. కొవిడ్ వార్డు డ్యూటీలు ఇందులో కలపలేదు. ఈ చార్టు రాసేది సాధారణంగా సీనియర్ పీజీ. రాసేవాడికి మనుషుల్ని పెంచే అధికారం లేదు, ఎవరి నైట్ ఎవరికి వేయాలో తేల్చే తలనొప్పి మాత్రం ఉంది. స్నేహాలు చెడేదీ ఇక్కడే.

2021 మే 26న తెలంగాణ జూడాలు సమ్మెకు దిగినప్పుడు వాళ్లడిగినవి చూడండి: స్టైపెండ్ పెంపు, కొవిడ్ డ్యూటీకి ప్రోత్సాహకం, డ్యూటీలో జబ్బు పడితే నిమ్స్‌లో వైద్యం, చనిపోతే కుటుంబానికి పరిహారం. 'మానసిక ఆరోగ్యం' అన్న మాట అందులో లేదు. అయినా అవన్నీ మనసుకు సంబంధించినవే. జబ్బు పడితే తనను ఎక్కడ చేర్చుకుంటారో తెలియని డాక్టరు ప్రశాంతంగా ఎలా పనిచేస్తాడు?

తట్టుకునే దారులు

ఆంగ్లంలో 'కోపింగ్' అనేదానికి మన దగ్గర తట్టుకోవడం, నెట్టుకురావడం అనే మాటలున్నాయి. మనస్తత్వ శాస్త్రం దీన్ని స్థూలంగా మూడుగా విడదీస్తుంది: సమస్య మీద పనిచేయడం, సమస్య వల్ల కలిగిన బాధ మీద పనిచేయడం, తప్పించుకోవడం.

ఒక రాత్రిని ఊహించండి. ఐసీయూలో ఒకే బెడ్ ఖాళీ, అవసరం ఇద్దరికి. సీనియర్‌కు ఫోన్ చేసి, పక్క ఆస్పత్రిలో వాకబు చేసి, నిర్ణయాన్ని కేస్ షీట్‌లో రాసి, ఆ బాధ్యతను నలుగురి మధ్య పంచడం మొదటి రకం. డ్యూటీ అయ్యాక హాస్టల్ మెట్ల మీద టీ తాగుతూ రూమ్మేట్‌తో చెప్పుకోవడం, అమ్మకు వీడియో కాల్ చేసి ఏం జరిగిందో చెప్పకుండానే కాసేపు ఆమె మొహం చూడటం రెండో రకం. ఫోన్ తెరిచి తెల్లారేదాకా రీల్స్ చూడటం, మందు, నిద్రమాత్రలు మూడో రకం.

మొదటివి మంచివి, చివరిది చెడ్డది అని తేల్చేయడం సులువే. అంత సూటిగా ఉండదు. డ్యూటీ మధ్యలో ఏడుపొస్తే ఆపుకొని తర్వాతి పేషెంటు దగ్గరికి వెళ్లడం కూడా తప్పించుకోవడమే, అప్పుడు చేయాల్సిందీ అదే. వాయిదా వేసిన ఏడుపును ఎప్పటికీ ఏడవనప్పుడు చిక్కు మొదలవుతుంది. అలాగే మనిషి చేతుల్లో లేని సమస్య మీద పనిచేయబోతే నిస్పృహే మిగులుతుంది. ఆక్సిజన్ ట్యాంకర్ రాకను వార్డులోని పీజీ శాసించలేడు.

కాలేజీలు ఇప్పుడు యోగా తరగతులు, ధ్యానం, 'రెజిలియన్స్' (తట్టుకునే శక్తి) వర్క్‌షాపులు పెడుతున్నాయి. వాటివల్ల లాభం ఉందా? ఉంది, కొద్దిగా. వైద్యుల బర్నౌట్‌పై అధ్యయనాలను కలిపి చూసిన 2016 నాటి ఒక విశ్లేషణలో, వ్యక్తికి నేర్పేవీ పని పద్ధతి మార్చేవీ కలిపి బర్నౌట్‌ను 54 శాతం నుంచి 44కు తగ్గించాయి. మరుసటి ఏడాది వచ్చిన ఇంకో విశ్లేషణలో, మనిషిని మార్చే ప్రయత్నాల కన్నా సంస్థను మార్చే ప్రయత్నాలే ఎక్కువ ఫలితమిచ్చాయి. 36 గంటల డ్యూటీ దిగినవాడిని యోగా క్లాసుకు హాజరు కమ్మంటే, అది ముప్ఫై ఏడో గంట అవుతుంది.

పక్కనే సైకియాట్రీ ఓపీ ఉన్నా

మిగతా జనానికి లేని సౌకర్యం జూడాకు ఉంది: సైకియాట్రిస్టు అదే ఆవరణలో ఉంటాడు. వెళ్లకపోవడానికి కారణమూ అదే. ఓపీలో కూర్చున్న పీజీ తన బ్యాచ్‌మేట్. ప్రొఫెసర్ రేపు తన హెచ్‌ఓడీతో కలిసి టీ తాగుతాడు. చీటీ రాయించుకునే కౌంటర్‌లో అందరూ తెలిసినవాళ్లే. 'మందులు వాడుతున్నాడట' అన్న మాట పాకితే పరీక్షల్లో, పెళ్లి సంబంధాల్లో ఏమవుతుందోనన్న భయం. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతున్నా, కాంటీన్ కబుర్లను చట్టం ఆపలేదు. అందుకే చాలామంది తమ మందు తామే రాసుకుంటారు. అది ప్రమాదం.

బయటి సాయం ఇక్కడే పనికొస్తుంది. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడొచ్చు, ఏ వేళైనా, ఉచితం. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్న ఎవరైనా, డాక్టరైనా కాకపోయినా, తెలిసినవాళ్ల కంట పడతామన్న బెరుకు లేకుండా చేయగలిగిన ఫోన్ అది.

గంటలు తగ్గిస్తే సరిపోతుందా?

'మేమూ చేశాం' అనే పెద్దల వాదనను కొట్టిపారేయకూడదు. జబ్బు మొదటి గంటలో ఎలా ఉందో ఇరవయ్యో గంటలో ఎలా మారిందో ఒకే డాక్టరు చూస్తేనే అనుభవం వస్తుందంటారు వాళ్లు. షిఫ్టులు పెరిగితే ఒకరు ఇంకొకరికి కేసు అప్పగించడాలు పెరుగుతాయి, ఆ అప్పగింతల్లోనే పొరపాట్లు దొర్లుతాయి. దీనికి ఆధారమూ ఉంది. అమెరికాలో సర్జరీ ట్రైనీలపై జరిగిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2016లో వచ్చాయి. షిఫ్టు నిడివి నిబంధనలు సడలించినా రోగులకు అదనపు హాని కనిపించలేదు.

ఎదుటి పక్షం దగ్గరా ఆధారాలున్నాయి. అక్కడే 2004లో ఐసీయూ ఇంటర్న్‌లపై చేసిన అధ్యయనంలో, 24 గంటలు మించే షిఫ్టుల పాత పద్ధతిలో తీవ్రమైన పొరపాట్లు 36 శాతం ఎక్కువ. ఇంకో ప్రయోగంలో, వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానంగా పడిపోయింది. మన దేశంలో డ్రంక్ అండ్ డ్రైవ్ కేసుకు 0.03 దాటితే చాలు.

ఈ రెండు పక్షాలూ మాట్లాడేది ఒకే సంఖ్య గురించి కాదన్నది గమనించాలి. అమెరికా ప్రయోగం వారానికి 80 గంటలనే గీత లోపల జరిగింది. అక్కడ 2003 నుంచి ఆ గీత ఉంది, రెసిడెన్సీకి వెళ్లిన మన తెలుగు పిల్లలను అడిగితే చెబుతారు. యూరప్‌లో అది 48. ఆ గీత లోపల షిఫ్టు ఎంత పొడవుండాలన్నది వాళ్ల చర్చ. మన దగ్గర గీతే ఎక్కడుందో తెలియదు.

నిజానికి ఉంది. 1992 జూన్ 5న కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన రెసిడెన్సీ ఆదేశాల్లో, సాధారణంగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని, వారానికొక సెలవుండాలని రాశారు. 2023 పీజీ నిబంధనల్లో వైద్య కమిషన్ అంకె జోలికి పోకుండా 'సహేతుకమైన పని గంటలు' అంది. 2024లో టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలకు మించొద్దని సిఫార్సు చేసింది. అదే టాస్క్‌ఫోర్స్ సర్వేలో, వారానికొక సెలవు కూడా దొరకడం లేదన్న పీజీలు సగానికి పైగా ఉన్నారు. ముప్ఫై రెండేళ్లలో గీత 48 నుంచి 74కు జరిగింది, అదీ సంస్కరణ పేరుతో.